అమెరికా ఆసుపత్రులలో ఫార్మసీ రెసిడెన్సీ: ఇంటర్వ్యూ సంగతులు

కాంపౌండరు అనే మాట ఎరగని పెద్దలు మనలో ఉండరు. డాక్టరుగారు చీటీ వ్రాసి ఇస్తే, ప్రక్క గదిలో కిటికీ వెనుక నిలబడి, సీసాలో ఎర్రని మిక్శ్చరు పోసి, సీసా ప్రక్కన గంట్లు కత్తిరించిన కాగితం ముక్క అంటించి, పూటకు ఒక గుర్తు తాగమని చెప్పి పంపేవాడు. ఆయన చేతి మీదుగా ఎన్నో జ్వరాలు తగ్గాయి. అయితే రోగికి ఏ మందు ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అనే విషయంలో ఆయన నోరు విప్పుతాడని ఎవరూ అనుకోలేదు. విప్పితే డాక్టరుగారు ఊరుకునేవారూ కారు.

ఇప్పుడు మన ఇళ్లలో ఫార్మసీ చదువుతున్న పిల్లలు మాత్రం నోరు విప్పడానికే చదువుతున్నారు. మన దేశపు ఫార్మసీ కౌన్సిల్ 2008లో ఫార్మ్.డి. అనే ఆరేళ్ల చదువుకు నిబంధనలు చేసింది. అయిదేళ్లు పాఠాలు, ఆరో ఏడు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు. బెంగుళూరు, మైసూరు, ఊటీ మొదలుకొని విజయవాడ, వరంగల్లు దాకా ఈ చదువు చెప్పే కళాశాలలు ఉన్నాయి. చదువు అయ్యేసరికి పిల్లవాడికి అమెరికా మీదికి మనసు పోతుంది. అక్కడ "రెసిడెన్సీ" అని ఒకటి ఉందిట, దానికి ఇంటర్వ్యూ చాలా కష్టంట, ఏమడుగుతారో తెలియదుట అని తల్లిదండ్రులు మా దగ్గర అన్న సందర్భాలు ఒకటి రెండు కావు. పిల్లలేమో వాళ్లలో వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, పెద్దలకు సగం అర్థమవుతుంది. ఇల్లు తాకట్టు పెట్టవలసింది మాత్రం ఆ సగం అర్థమైన పెద్దలే. అంచేత ఈ సంగతి కొంచెం విప్పి చెబుదామని కూర్చున్నాము.

ముందుగా ఒక మాట. అమెరికాలో ఫార్మసిస్టుగా పని చెయ్యడానికి రెసిడెన్సీ చట్టరీత్యా తప్పనిసరి కాదు. లైసెన్సు పరీక్ష ప్యాసయినవారు వీధి మందుల దుకాణంలో నేరుగా ఉద్యోగంలో చేరవచ్చు. కాని పెద్ద ఆసుపత్రిలో, వార్డులో, డాక్టర్ల బృందంతో కలిసి తిరిగి, మందుల విషయంలో సలహా చెప్పే స్థానం కావాలంటే చాలాచోట్ల ఒక ఏడాది రెసిడెన్సీ చేశావా అని అడుగుతారు. గుండె జబ్బులు, క్యాన్సరు, పసిపిల్లల వైద్యం వంటి ప్రత్యేక శాఖ కావాలంటే రెండో ఏడు కూడా.

ఈ పద్ధతి నిన్న మొన్నటిది కాదు. 1927లో మిషిగన్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో హార్వే విట్నీ అనే ఆయన ఆసుపత్రి ఫార్మసీలో కుర్రవాళ్లకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. 1942లో ఆసుపత్రి ఫార్మసిస్టులు సొంతంగా ఒక సంఘం పెట్టుకున్నప్పుడు దానికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. ఆ సంఘాన్నే ఈనాడు ఎ.ఎస్.హెచ్.పి. అని పొడి అక్షరాలతో పిలుస్తారు. ఏ ఆసుపత్రిలో శిక్షణ సరిగా ఉన్నదో, ఎక్కడ కుర్రవాణ్ణి చవక కూలీగా వాడుకుంటున్నారో చూచి గుర్తింపు ఇచ్చేది ఆ సంఘమే. చవక కూలీ అన్న మాట ఊరికే వాడలేదు. రెసిడెంటుకు ఇచ్చే భత్యం పూర్తి ఫార్మసిస్టు జీతంలో సుమారు సగమో, అంతకంటె తక్కువో ఉంటుంది. పని గంటలు వారానికి సగటున 80కి మించరాదని నియమం పెట్టవలసి వచ్చిందంటేనే పని ఏపాటిదో ఊహించుకోవచ్చు. వార్డు పని కాక శని, ఆదివారాలలో వంతులవారీగా ఫార్మసీలో నిలబడాలి. విద్యార్థులకు పాఠం చెప్పాలి. ఏడాది పొడుగునా ఒక పరిశోధన సాగించి చివరకు నలుగురి ముందు చదవాలి.

మన దేశంలో చదివినవారికి దీనికి ముందే దాటవలసిన గడప ఒకటి ఉన్నది. విదేశాలలో చదివిన ఫార్మసిస్టులకు అమెరికాలోని ఫార్మసీ బోర్డుల సమాఖ్య ఒక ధ్రువపత్రం ఇస్తుంది. 2003 జనవరి 1 నాటినుంచి పట్టా పొందినవారికి కనీసం అయిదేళ్ల ఫార్మసీ చదువు ఉంటే తప్ప అది రాదు. నాలుగేళ్ల బి.ఫార్మసీ మాత్రమే చదివినవారికి అందుచేత ఆ త్రోవ మూసుకుపోయింది, ఆరేళ్ల ఫార్మ్.డి. వారికి తెరిచి ఉన్నది. ధ్రువపత్రానికి ఒక పెద్ద పరీక్ష, ఇంగ్లీషు భాషలో మరొక పరీక్ష ప్యాసు కావాలి. ఆ తరువాత రాష్ట్రపు లైసెన్సు పరీక్షలు వేరే. ఇవన్నీ దాటినా, విదేశీయుడికి వీసా పూచీ వహించడానికి ఇష్టపడని ఆసుపత్రులు చాలా ఉన్నాయి. దరఖాస్తు పెట్టేముందే ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి. ఇంటర్వ్యూ దాకా వెళ్లి, అంతా బాగున్నదని పొంగిపోయిన తర్వాత తెలుసుకోవడం కంటె దుఃఖం లేదు.

దరఖాస్తు, సిఫారసు లేఖలు, మార్కుల పత్రాలు అన్నీ ఒకే కేంద్ర పద్ధతిలో కంప్యూటరు ద్వారా పంపుతారు. డిసెంబరులో ఆ సంఘంవారి మహాసభ జరుగుతుంది, అక్కడ ఆసుపత్రులవారు బల్లలు వేసుకుని కూర్చుంటారు, అభ్యర్థులు బల్ల బల్లకూ తిరిగి పలకరిస్తారు. తిరునాళ్లలో దుకాణాల వరుస గుర్తుకు వస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇంటర్వ్యూలు. మార్చి నడుమ ఫలితం. జూలై ప్రాంతంలో పని మొదలు. దరఖాస్తుతోబాటు పంపే ఉద్దేశ లేఖ గురించి ఒక్క ముక్క: ఊరు పేరు మార్చి అదే లేఖ ఇరవై చోట్లకు పంపేవారు ఉన్నారు. చదివేవారు రోజుకు యాభై లేఖలు చదువుతారు కాబట్టి వారికి అది మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది.

ఇక ఇంటర్వ్యూ. మన దేశంలో ఉద్యోగపు ఇంటర్వ్యూ అంటే బల్లకు అటు నలుగురు, ఇటు ఒకడు, పది నిమిషాలు, "మీరు వెళ్లవచ్చు." అక్కడ అలా కాదు. ఉదయం మొదలయితే సాయంత్రం దాకా సాగేవి ఉన్నాయి. ముందు శిక్షణ డైరెక్టరు మాట్లాడతాడు. తరువాత వివిధ వార్డులలో నేర్పే ఫార్మసిస్టులు ఇద్దరు ముగ్గురు చొప్పున వచ్చి మాట్లాడతారు. ఒక రోగి కేసు కాగితం చేతికిచ్చి, కొంత వ్యవధి ఇచ్చి, ఏం చేస్తావని అడుగుతారు. ముందే తయారు చేసుకొని రమ్మన్న ఉపన్యాసం ఒకటి ఇవ్వాలి. మధ్యాహ్నం అప్పటికే రెసిడెన్సీ చేస్తున్న కుర్రవాళ్లతో భోజనం. ఆ భోజనం ఇంటర్వ్యూలో భాగం కాదని వాళ్లే చెబుతారు. నమ్మకూడదు. ఫార్మసీ సహాయకురాలితో విసుగ్గా మాట్లాడినవాడి సంగతి సాయంత్రానికి డైరెక్టరు చెవిని పడుతుంది. శాకాహారులు తమ సంగతి ముందుగా ఉత్తరంలో తెలియజేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఖాళీ కంచం ముందు కూర్చుని "ఆకలి లేదు" అనడం మన మర్యాద కావచ్చు గాని, అక్కడ దానికి మరో అర్థం తీస్తారు.

2020లో కరోనా వచ్చిన తర్వాత చాలా ఇంటర్వ్యూలు కంప్యూటరు తెర మీదికి ఎక్కాయి, కొన్నిచోట్ల అలాగే నిలిచిపోయాయి. చలికాలంలో న్యూయార్కులో ఉదయం 9 గంటలయితే మనకు రాత్రి 7-30. కాలిఫోర్నియాలో 9 అయితే మనకు రాత్రి 10-30. రాత్రంతా మేలుకుని నవ్వుతూ కూర్చోవాలన్నమాట. ఇంట్లో టి.వి. కట్టెయ్యడం, కుక్కర్ ఈల రాకుండా చూడడం, ప్రక్కవాళ్ల భజనకు ఆ ఒక్క పూట సెలవు అడగడం మొదలైనవి పెద్దలు చెయ్యగల సహాయం. తెర వెనుక నిలబడి జవాబులు అందించడం మాత్రం సహాయం కాదు. అభ్యర్థి కళ్లు మాటిమాటికీ ఒక వైపుకే పోతూంటే అవతలివారు గ్రహించరనుకోవడం అమాయకత్వం.

రోగి కేసు విషయం కాస్త నిదానంగా చెప్పాలి. ఈ ఉద్యోగం ఏమిటో, దానికి పరీక్ష ఎందుకో అందులోనే తెలుస్తుంది. ఇటువంటిది ఇస్తారనుకోండి: 80 ఏళ్ల వృద్ధురాలు, బరువు 50 కిలోలు. కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరింది. రక్తం పలచబడడానికి ఎనాక్సపారిన్ అనే ఇంజక్షను 50 మిల్లీగ్రాములు, 12 గంటలకు ఒకసారి అని డాక్టరు వ్రాశాడు. రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.5 అని వచ్చింది. మీరేమంటారు?

పైపైన చూస్తే ఏమీ అనడానికి లేదు. కిలోకు ఒక మిల్లీగ్రాము చొప్పున మోతాదు సరిగానే ఉన్నది. క్రియాటినిన్ ఉండవలసిన దానికంటె కొద్దిగా ఎక్కువ, అంతే. తొందరపడే అభ్యర్థి "సరిగ్గా ఉంది" అంటాడు. కాని ఈ మందు శరీరంలోనుంచి చాలావరకు మూత్రపిండాల ద్వారా పోతుంది. మూత్రపిండాలు ఎంత పని చేస్తున్నాయో క్రియాటినిన్ అంకె ఒక్కటే చెప్పదు. కండ నుంచి పుట్టే పదార్థం అది. కండ తక్కువైన ముసలి మనిషిలో కిడ్నీ బాగా చెడినా ఆ అంకె పెద్దగా పెరగదు. అందుకని 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు ఒక లెక్క ప్రకటించారు. దాన్నే ఇప్పటికీ మందుల మోతాదుకు వాడుతున్నారు. 140లోనుంచి వయసు తీసెయ్యండి, దాన్ని బరువుతో హెచ్చించండి, క్రియాటినిన్‌ను 72తో హెచ్చించి ఆ మొత్తంతో భాగించండి, స్త్రీ అయితే వచ్చిన దాన్ని 0.85తో హెచ్చించండి. మన వృద్ధురాలికి 60ని 50తో హెచ్చిస్తే 3000. దాన్ని 108తో భాగిస్తే 27.8. 0.85తో హెచ్చిస్తే 23.6. అంటే నిమిషానికి సుమారు 24 మిల్లీలీటర్లు. అదే 1.5 క్రియాటినిన్ ఉన్న 25 ఏళ్ల, 70 కిలోల యువకుడికి లెక్క వేసి చూడండి: 74 దాటుతుంది. అంకె ఒకటే, మనుషులు వేరు.

ఈ లెక్క 30కి తక్కువ వచ్చినప్పుడు ఎనాక్సపారిన్ అదే మోతాదు 24 గంటలకు ఒక్కసారే ఇవ్వాలి. రెండుసార్లు ఇస్తూ పోతే మందు ఒంట్లో పేరుకుని, ఆ పెద్దమ్మకు కడుపులోనో, తలలోనో రక్తం కారవచ్చు. లేదా మూత్రపిండాల మీద ఆధారపడని పాత హెపారిన్ వైపు మళ్లాలా అన్నది ఆలోచించాలి. ఇంతవరకు చెప్పిన అభ్యర్థికి సగం మార్కులు వస్తాయి. మిగిలిన సగం తరువాతి ప్రశ్నలలో ఉన్నది. ఆమె బరువు ఈ రోజు తూచినదా, పోయిన ఏటి కాగితంలోనుంచి ఎక్కించినదా? ఇంటి దగ్గర ఆస్పిరిన్ గాని, మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొన్న మాత్రలు గాని వేసుకుంటున్నదా? రక్తంలో ప్లేట్‌లెట్లు ఎన్ని? క్రియాటినిన్ నిన్న ఎంత, అంటే పెరుగుతున్నదా, తగ్గుతున్నదా? అన్నిటికీ మించి, డాక్టరుకు టెలిఫోను చేసి ఏమని చెబుతావు?

మన పిల్లలు తడబడేది లెక్క దగ్గర కాదు. లెక్క మనవాళ్లకు నీళ్లు త్రాగినంత సులువు. టెలిఫోను దగ్గర తడబడతారు. డాక్టరు పెద్దవాడు, ఆయన వ్రాసిన దాన్ని కాదనడం ఎలాగ? చిన్నప్పటినుంచి పెద్దల మాటకు ఎదురు చెప్పవద్దని మనమే నేర్పాము. అక్కడ బల్లకవతల కూర్చున్నవారు చూసేది సరిగ్గా ఆ చోటునే. "మీరు తప్పు వ్రాశారు" అన్నా పని జరగదు, "అయ్యా, తమరు చూస్తారేమోనని..." అని నసిగినా జరగదు. "ఫలానా గదిలోని రోగికి లెక్క ప్రకారం 24 వచ్చింది, రోజుకు ఒకసారికి మార్చితే బాగుంటుందని నా సలహా, మార్చమంటారా?" అని మూడు ముక్కల్లో చెప్పగలగాలి. డాక్టరు "అక్కరలేదు" అంటే? అప్పుడేం చేస్తావు? మళ్లీ అడుగుతావా, నీ పైవారికి చెబుతావా, మందు ఇచ్చేస్తావా? దీనికి పుస్తకంలో జవాబు లేదు. కాని అభ్యర్థి ఎటువంటివాడో ఆ జవాబులో బయటపడుతుంది.

తెలియనిది అడిగితే ఏం చెయ్యాలి అన్నది మరొక చిక్కు. "నాకు ఇప్పుడు జ్ఞాపకం లేదు, ఫలానా గ్రంథంలో చూచి పది నిమిషాల్లో చెబుతాను" అనడం మంచి జవాబే. ఊహించి ఒక మోతాదు చెప్పినవాణ్ణి ఎవరూ తీసుకోరు. నిజమైన వార్డులో అలా ఊహిస్తే ఏమవుతుందో వారికి తెలుసు. అయితే అడిగిన ప్రతిదానికీ పుస్తకం చూస్తాననేవాణ్ణి తీసుకోవడానికి కూడా వారికి కారణం కనపడదు గదా.

కేసు అయిన తర్వాత స్వభావానికి సంబంధించిన ప్రశ్నలు. "ఎవరితోనైనా అభిప్రాయ భేదం వచ్చిన సందర్భం చెప్పు." "ఒకే సమయంలో మూడు పనులు మీద పడ్డప్పుడు ఏది ముందు చేశావు?" "నువ్వు చేసిన ఒక పొరపాటు చెప్పు." ఈ చివరి ప్రశ్నకు మన పిల్లలలో కొందరు "అటువంటిదేమీ లేదండీ" అంటారట. అది వినయమూ కాదు, నిజమూ కాదు. మందుల పనిలో పొరపాటు చెయ్యనివాడంటూ ఉండడు, పొరపాటు దాచేవాడు ఉంటాడు. వాడివల్లే ప్రమాదం. ఏం జరిగింది, ఎలా తెలిసింది, వెంటనే ఎవరికి చెప్పాను, మళ్లీ జరగకుండా ఏ మార్పు చేసుకున్నాను అని వరుసగా చెప్పగలిగితే చాలు. మరికొందరు "నా పెద్ద లోపం ఏమిటంటే మరీ ఎక్కువ కష్టపడతాను" అంటారు. ఆ జవాబు విని విని అక్కడివారి చెవులు తుప్పు పట్టాయి.

ఇంకొక సంగతి మాకు ఆసక్తిగా తోచింది. మనవాళ్లు ఏం చేసినా "మేము చేశాము" అంటారు. ఇంటర్న్‌షిప్పులో ఆరుగురు కలిసి పని చేస్తే, అందులో ముఖ్యమైన భాగం తానే చేసినా, "నేను" అనడానికి నోరు రాదు. మన పెంపకంలో అది మంచి లక్షణమే. కాని అవతలివారు "మీరంతా సరే, నీవు ఏం చేశావు?" అని మళ్లీ అడగవలసి వస్తుంది. రెండోసారి కూడా "మేము" అంటే, ఇతడు ఏమీ చెయ్యలేదు కాబోలు అనుకుంటారు. "మేము" అని వ్రాసుకునే హక్కు పత్రికలవారికి వదిలిపెట్టి, అభ్యర్థులు ఆ ఒక్క రోజు "నేను" అనడం అభ్యాసం చెయ్యాలి.

అలాగే చెప్పనక్కరలేనివి కొన్ని ఉన్నాయి. "మీ గురించి చెప్పండి" అంటే మనవాడు స్వగ్రామం, తండ్రిగారి ఉద్యోగం, అక్కగారి పెళ్లి, తాతగారు ఏ తాలూకా నుంచి ఎప్పుడు వలస వచ్చారు అన్నదాకా పోతాడు. వాళ్లు అడిగింది వృత్తి గురించి: ఏ రోగులతో పని చేశావు, ఏది నీ మనసుకు పట్టింది, ఈ ఆసుపత్రికే ఎందుకు వచ్చావు. పెళ్లయిందా, పిల్లల్ని కనే ఉద్దేశం ఉన్నదా, ఏ మతం, వయసెంత అని అడగడం వారి పద్ధతి కాదు. వివక్షను నిషేధించే చట్టాలున్న దేశం కాబట్టి అటువంటి ప్రశ్నల జోలికి పోవద్దని వారికి ముందే చెప్పి ఉంచుతారు. పని చెయ్యడానికి చట్టరీత్యా అనుమతి ఉన్నదా, వీసా పూచీ కావాలా అని మాత్రం అడగవచ్చు. దానికి దాపరికం లేకుండా జవాబు చెప్పాలి.

తాతగారి వలస సంగతి అక్కరలేదన్నాము గాని, దానివల్ల వచ్చిన ఆస్తి ఒకటి మన పిల్లల దగ్గర ఉన్నది. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో పెరిగిన పిల్లకు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, బడిలో ఇంగ్లీషు. ఇంటర్న్‌షిప్పు చేసేటప్పుడు ఉబ్బసం ఉన్న రోగికి పీల్చే మందు గొట్టం ఎలా పట్టుకోవాలో మూడు భాషలలో చెప్పి, రోగి చేతనే మళ్లీ చేయించి చూసి ఉంటుంది. రోగి చేత తిరిగి చెప్పించడం అక్కడి ఆసుపత్రులలో ఎంతో గొప్పగా ఎంచే పద్ధతి. మనవాళ్లకు అది రోజువారీ పని గనుక చెప్పుకోదగ్గదిగా తోచదు. ఇటువంటివి చెప్పాలి. బంగారు పతకం సంగతి దరఖాస్తులో వారు చదివే ఉంటారు.

ఉపన్యాసం విషయంలో పెద్దగా చెప్పేది లేదు. చిన్న విషయం తీసుకుని లోతుగా చెప్పినవాడు బాగుపడతాడు, మధుమేహం మొత్తం ఇరవై నిమిషాల్లో చెప్పబోయినవాడు మునుగుతాడు. ఇచ్చిన సమయానికి ఆపాలి. మన సభలలో వక్తలకు ఆ అలవాటు తక్కువ కాబట్టి ఇంట్లో గడియారం పెట్టుకుని అభ్యాసం చెయ్యడం మేలు.

చివర వారు "నీవేమైనా అడుగుతావా?" అంటారు. "ఏమీ లేదండీ, అంతా చెప్పారు" అనడం మర్యాద అనుకుంటాం గాని, అక్కడ అది అనాసక్తి క్రింద లెక్క. అడగదగ్గ ప్రశ్నలు ఉన్నాయి, అడిగి తెలుసుకోవలసినవే: నెలకు ఎన్ని శని, ఆదివారాలు డ్యూటీ? పోయిన సంవత్సరాల రెసిడెంట్లు ఇప్పుడు ఎక్కడున్నారు? ఏడాది నడుమ ఎవరైనా విడిచిపోయారా? పరిశోధనకు సమయం విడిగా ఇస్తారా, నిద్రలో కోసుకోమంటారా? లైసెన్సు రావడం ఆలస్యమైతే ఏం చేస్తారు? చివరిది మనవాళ్లకు మరీ ముఖ్యం. రెసిడెన్సీ మొదలైన తర్వాత కొద్ది నెలల్లో లైసెన్సు చేతికి రాకపోతే పదవే పోయే ప్రమాదం ఉంటుంది. భోజనం దగ్గర పాత రెసిడెంట్లను ఇవే ప్రశ్నలు అడిగితే జవాబుల్లో కొంత తేడా కనిపించవచ్చు. ఆ తేడాను గమనించాలి.

ఇంటర్వ్యూలు అయ్యాక జరిగేది మన పాఠకులకు అన్నిటికంటె వింతగా ఉంటుంది. ఎవరూ ఎవరికీ ఉద్యోగం ఇచ్చామని చెప్పరు. అభ్యర్థి తాను చూసిన ఆసుపత్రులను ఇష్టం వచ్చిన వరుసలో ఒక జాబితా వ్రాసి పంపుతాడు. ఆసుపత్రివారు తాము చూసిన అభ్యర్థులకు మరొక జాబితా వ్రాస్తారు. రెండూ కంప్యూటరులో వేసి జత కలుపుతారు. పెళ్లిచూపులయ్యాక ఇరుపక్షాలవారూ కాగితం మీద వరుస వ్రాసి పురోహితుడి చేతికిచ్చి నోరు మూసుకున్నట్లు! ఈ పోలిక మాది కాదు సుమా. 1962లో డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు గణితజ్ఞులు ఈ జత కలిపే లెక్క మీద వ్యాసం వ్రాసినప్పుడు, కళాశాలల ప్రవేశాలను, పెళ్లిళ్లను కలిపే ఉదాహరణగా తీసుకున్నారు. ఒకరినొకరు ఎక్కువ ఇష్టపడే జంట, విడివిడిగా వేరేవాళ్లకు ముడిపడి బాధపడే పరిస్థితి రాకుండా అందరినీ జత చెయ్యవచ్చునని రుజువు చేశారు. తరువాత ఆల్విన్ రాత్ అనే ఆర్థిక శాస్త్రజ్ఞుడు 1990లలో అమెరికా వైద్య రెసిడెంట్ల ఎంపిక పద్ధతిని ఆ దారిలో సంస్కరించాడు. 2012లో షాప్లీకి, రాత్‌కు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

దీనివల్ల అభ్యర్థికి ఒక గొప్ప ఉపకారం జరిగింది. "ఆ పెద్ద ఆసుపత్రి నన్ను తీసుకోదేమో, దాన్ని మొదట వ్రాస్తే రెండోది కూడా పోతుందేమో" అని భయపడవలసిన పని లేదు. నిజంగా ఏది ఎక్కువ ఇష్టమో అదే మొదట వ్రాయాలి. అది రాకపోయినంత మాత్రాన రెండోదానికి అవకాశం తగ్గదు. మనకు కౌన్సిలింగులలో లెక్కలు వేసి వేసి అనుమానం అలవాటయింది కాబట్టి, ఈ ఒక్క సంగతి తల్లిదండ్రులకు నచ్చజెప్పడానికి పిల్లలు చాలా కష్టపడవలసి వస్తున్నది. మరొక నియమం: నన్ను ఎన్నో స్థానంలో వ్రాస్తున్నారు అని అభ్యర్థి అడగరాదు, మమ్మల్ని ఎన్నో స్థానంలో వ్రాస్తావు అని ఆసుపత్రివారు అడగరాదు. ఇంటర్వ్యూ అయిన ఒకటి రెండు రోజుల్లో కృతజ్ఞతలు తెలుపుతూ నాలుగు వాక్యాల ఉత్తరం వ్రాయడం మర్యాద. అందులో కూడా స్థానాల ప్రసక్తి రాకూడదు. వెళ్లి పని చెయ్యడానికి మనసొప్పని ఆసుపత్రిని జాబితాలో అసలు వ్రాయకూడదు. జత కుదిరితే తాళి కట్టినట్లే, తప్పించుకోవడానికి వీలు లేదు.

జత కుదరనివారు ఏటా ఉంటారు. అమెరికాలోనే చదివిన పిల్లలకు కూడా దక్కకపోవడం సామాన్యం. 2016 నుంచి రెండో విడత అని ఒకటి పెట్టారు. మొదటి విడతలో మిగిలిపోయిన స్థానాలకు మార్చి చివరన మళ్లీ దరఖాస్తులు, మళ్లీ ఇంటర్వ్యూలు, ఈసారి రోజుల వ్యవధిలో. మొదటి ఫలితం వచ్చిన సాయంత్రం ఏడుస్తూ కూర్చున్నవాడికి రెండో విడతలో చోటు దొరకదు. అందుకని ఉద్దేశ లేఖకు రెండో నకలు, సిఫారసు చేసినవారికి ముందస్తు మాట, రెండూ మార్చి మొదట్లోనే సిద్ధం చేసి పెట్టుకునే తెలివైన పిల్లలున్నారు. రెండో విడత కూడా తప్పితే లైసెన్సు ఉన్నవారికి దుకాణాలలోనో, చిన్న ఆసుపత్రులలోనో ఉద్యోగం చూసుకుని మరుసటి ఏడు ప్రయత్నించే దారి ఉన్నది. కాని వీసా గడువు మరుసటి ఏడు దాకా ఆగుతుందా అన్న ప్రశ్న మనవాళ్లకు ఎక్కువ. ఈ లెక్కను ఇల్లు తాకట్టు పెట్టక ముందు, పిల్లవాడు, తల్లిదండ్రులు ఒకచోట కూర్చుని కాగితం మీద వేసుకోవాలి. ఖర్చులు ఒక ప్రక్క, రాకపోతే ఏం చేస్తామన్నది రెండో ప్రక్క. రెండో ప్రక్క ఖాళీగా ఉంటే ఇంకా బయలుదేరే వేళ కాలేదని మా అభిప్రాయం.

ఇంటర్వ్యూ అభ్యాసానికి మాత్రం అమెరికా వెళ్లనక్కరలేదు. పదవీ విరమణ చేసిన డాక్టర్లు, నర్సులు, ఆసుపత్రి ఉద్యోగులు మన సభ్యులలో ఉన్నారు. ఆదివారం సాయంత్రం ఒక గంట, ముగ్గురు పెద్దలు బల్లకు అటు కూర్చుని, ఒకరు డాక్టరు వేషం వేసి టెలిఫోనులో గద్దిస్తే, పిల్లవాడు గుక్క తిప్పుకుని జవాబు చెప్పడం నేర్చుకుంటాడు. ఆ పెద్దలు బాగా గద్దించాలి. మొదటిసారి పిల్ల ఏడిస్తే కాఫీ ఇచ్చి, రెండోసారి మళ్లీ గద్దించాలి. వచ్చే జనవరిలో ఇంటర్వ్యూలు ఎదుర్కోబోయేవారు దసరా సెలవులు దాటకుండా పేర్లు ఇస్తే, కూర్చునేందుకు ఒప్పుకునే పెద్దలను వెదకడం పెద్ద కష్టం కాదు.